లోపలికి తిరిగిన రెప్ప

కంటికి రెప్పలా, అంటారు.
మా గొజ్జాం కొండల్లో ఆ మాట నిలబడదు.
ఇక్కడ ఈగలు మోసుకొచ్చే జబ్బొకటి
రెప్పను లోపలికి మడిచేస్తుంది.
కాపలా కాయాల్సిన వెంట్రుకలే
మూసి తెరిచిన ప్రతిసారీ
నల్లగుడ్డును గీరుతాయి.
కంచే చేను మేయడమంటే ఇదే.

పన్నెండేళ్లుగా నా పని ఇదే:
మత్తు సూది, చిన్న కత్తి, నాలుగు కుట్లు,
రెప్ప అంచును మళ్లీ బయటి లోకం వైపు తిప్పడం.
ఎన్ని వేల కళ్లో లెక్క రాసే పుస్తకం ఉంది.
నా కన్ను అందులో లేదు.

ఆరేళ్ల కిందట, వానాకాలం,
నా బిడ్డ ఫిక్రితె జ్వరంతో మండిపోతుంటే
ఏరు పొంగి ఆసుపత్రి దారి మూసింది.
ఒడ్డున కూర్చుని నాకొచ్చిన దావీదు కీర్తనలన్నీ చదివాను,
చిన్నప్పుడు మా నాన్న చర్చి గోడ నీడలో
బెత్తం పట్టుకుని నేర్పినవి.
తెల్లారేసరికి నీళ్లు తీశాయి.
బిడ్డ ఒళ్లు కూడా చల్లబడింది.

ఆనాటి నుంచి నా లోపల ఒకటే మాట: లేడు.
ఎవరితోనూ వాదించలేదు. ఏడవనూ లేదు.
ప్రార్థన కోసం మొలిచినవన్నీ లోపలికి తిరిగి
గీరుతూ ఉంటే
ఆ మంటనే చూపు అనుకున్నాను.

నిన్న వచ్చింది యెషిమెబెత్.
డెబ్బై ఏళ్లుండొచ్చు, తనకూ తెలియదు.
మెడలో నల్లతాడుకు కొయ్య శిలువ,
పక్కనే తుప్పు పట్టిన పట్టకారు.
రోజూ పొద్దున్నే పొయ్యి వెలుగులో
తన రెప్పలు తానే పీక్కునేదట.
"మళ్లీ మొలిచేవమ్మా, ఇంకా మొండిగా" అని నవ్వింది.
రెండు కళ్లూ కుట్టి, కట్టు కట్టాను.
తీసుకెళ్లాల్సిన మనవడు పొద్దుగూకినా రాలేదు.

చేయి పట్టుకుని నేనే బయల్దేరాను.
దారిలో అదే ఏరు.
ఇప్పుడు మోకాలి లోతు. దాటడానికి తొమ్మిది రాళ్లు.
ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది,
చర్చి గడప దగ్గరలా.

"రాయి ఉందా?"
"ఉంది."
పాదం వేసింది.
"ఉందా?"
"ఉంది."
తడమలేదు. కాలివేళ్లతో లోతు చూడలేదు.
నా గొంతు ఎంతవరకు వినబడితే అంతవరకు
నేల ఉన్నట్టే నడిచింది.
ఐదో రాయి దగ్గర నాకు మాట పెగల్లేదు.
ఈ ఒడ్డునే పారేసుకున్న మాట అది.
ఆవిడ ఒంటికాలి మీద కొంగలా ఆగింది.
తొందరపెట్టలేదు.
నా చేయి మాత్రం ఒకసారి నొక్కింది,
బెదిరిన దూడను నిమిరినట్టు.
"ఉంది" అన్నాను చివరికి.
రాయి గురించే అన్నాను, అప్పటికి.

ఇంట్లో కాఫీ గింజల పొగ.
మూడో కప్పు తాగందే వదలనంది,
మా వైపు ఆ కప్పు పేరు దీవెన.
కట్టు విప్పినా రేపంతా మసగ్గానే ఉంటుందని చెబితే
"ఉండనీ" అంది.
"ఆయన చేయి తగిలాక కూడా ఒకడికి
మనుషులు చెట్లలా కనిపించారట.
రెండోసారి ముట్టుకోవాల్సి వచ్చింది.
ఆయనేం విసుక్కోలేదుగా."

తిరుగుదారిలో టార్చి ఆరిపోయింది.
కొండ మీద, జూనిపర్ చెట్ల నడుమ
రాత్రి ఆరాధన డోలు మొదలైంది.
ఫిక్రితె ఆ చెట్ల కిందే ఉంది.
నా కూతుర్ని ఎందుకు తీసుకున్నావని
ఇంకా అడగాల్సే ఉంది. అడుగుతాను.
అది మానలేదు.

చెప్పులు విప్పాను.
చీకట్లో నీళ్ల చప్పుడు, నా ఊపిరి.
"ఉన్నావా?"
జవాబు రాకముందే
పాదం వేశాను.

రాయి కొంచెం కదిలింది.
ఉంది.